చేప నోట్లో మొలిచిన కొమ్ము

చిరంజీవి ఎస్కిల్‌కు నాయనమ్మ ఆశీస్సులు.

మేమంతా క్షేమం. ఆ క్షేమమే నాకు సిగ్గుగా ఉంది, ఎందుకో చదివితే తెలుస్తుంది. ముందు నీ తప్పు దిద్దాలి. బెర్గెన్ రేవులో చూసిన మెలికల పన్ను వేరు, మన చర్చిలో వేలాడే ఒంటికొమ్ము గుర్రపు కొమ్ము వేరు అని రాశావు. వేరు కాదురా. రెండూ గ్రీన్‌లాండ్ సముద్రపు చేప పళ్లే. ఆ కొమ్మును చర్చికిచ్చిన రోజే మీ తాత ఆ సంగతి నాకు చెప్పి కడుపుబ్బ నవ్వాడు. పండుగ ఊరేగింపులో ఆ కొమ్ము వెనక మొదట నడిచేది మనమే కదా, నేనూ నోరు మూసుకున్నాను.

నా మోకాళ్ల సంగతి అడిగావు. వంగడం లేదు, నాలాగే.

ఈ వేసవిలో తోళ్లు పదునుచేసే చోటి మురుగు బజారు బావిలోకి దిగింది. ఏ విషానికైనా విరుగుడని ఊరంతా నమ్మే ఆ కొమ్మును ఓలుఫ్ ఫాదర్ తాడుకు కట్టి బావిలో ముంచి, విషం విరిగిపోయిందన్నారు. పక్కింటి బోదిల్ కడవతో మన గుమ్మంలో ఆగింది.

"అత్తా, కొమ్ము మీది. నువ్వు చెప్పు, పిల్లకి పట్టనా ఈ నీళ్లు?"

"ఫాదర్ చెప్పాక నన్నడుగుతావేంటే? పట్టు," అన్నాను.

పిల్ల సిసెల్ వాంతులతో మంచం పట్టింది. చావు తప్పింది. పోయిన వారం బోదిల్ వెన్నముద్ద తెచ్చి నా చేతిలో పెట్టింది.

"మీ కొమ్ము నీళ్లే బతికించాయత్తా. ఇప్పుడు పూటకో చెంబు తాగిస్తున్నా."

ఇంతవరకూ దాచింది ఇప్పుడు రాస్తున్నాను. బావి కంపు కొట్టినప్పటి నుంచి మన ఇంట్లో ఎవరం ఆ నీళ్లు ముట్టలేదు. పనిమనిషిని ఊరవతలి ఊటకు పంపుతున్నాను. బోదిల్‌తో పట్టమన్న రోజు కూడా నా వెనక కుండలో ఉన్నవి ఊట నీళ్లే.

వెన్న చేతిలో ఉండగానే చెప్పేశాను, అది చేప పన్నని, ఆ నీళ్లు ఆపమని. బోదిల్ పడీపడీ నవ్వింది.

"నీ వేళాకోళాలకు అంతు లేదత్తా. పోయినేడు బిషప్ గారి గాడిదకి లాటిన్ వచ్చన్నావు."

ఫాదర్‌కూ చెప్పాను. ఎండలో తిరగొద్దన్నారు. ఊట నీళ్లు బోదిల్ ఇంటికి పంపితే పందికి పోస్తోంది.

అందుకని ఒక పని చెయ్యి. గ్రీన్‌లాండ్ పడవల వాళ్లనడిగి ఆ చేప తల ఒకటి సంపాదించు, పన్ను ఊడదీయనిది. కడిగించకు, వాసన ఉండనీ. తెరచాప గుడ్డలో చుట్టి, ముందు బయల్దేరే పడవలో పంపు. మూట మీద చర్చి పేరు కాదు, నా పేరు రాయి. చర్చి మెట్ల మీద, ఊరంతా చూస్తుండగా నేనే విప్పాలి. ఆలస్యం చేయకు, సిసెల్ ఇంకా ఆ నీళ్లే తాగుతోంది.

ఇట్లు,
మీ నాయనమ్మ ఇంగెర్డ్