మెడ నొప్పి సంగతి చెప్పేశాను

మంగళవారం, బాగ్‌బేరా

సెలవుకు ఇంటికి వచ్చి మూడు రోజులైంది. మెడ నొప్పి అమ్మకు తెలియనివ్వకూడదనుకున్నాను. రాత్రి హెలికాప్టర్ నడిపేటప్పుడు చీకట్లో చూడడానికి హెల్మెట్‌కు తగిలించుకునే నైట్ విజన్ గాగుల్స్ బరువుకు తల ముందుకు వాలిపోతుంది. వాటిలో చూపు ఇరుకు, అందుకని మాటిమాటికీ తల తిప్పాలి. నొప్పంటే రాత్రి డ్యూటీ తీసేస్తారని బేస్‌లో ఎవరికీ చెప్పలేదు.

సాయంత్రం జడ వేస్తూ అమ్మ పట్టేసింది.

"ఏటే, మెడిలా బిగిసిపోయింది?"

"కుఛ్ నహీ, ఏం లేదమ్మా."

"నా దగ్గర దాత్తన్నావేటి? నేనూ కాంట్రాక్టర్‌కి సెప్పకుండా పదేళ్లు నెత్తిన ఇటుకలు మోసేను. ఇప్పుడు పక్కకి సూడాలంటే మనిషంతా తిరగాలి. నువ్వు తల తిప్పలేకపోతే ఆ హెలికాప్టర్లో ఉన్నోళ్ల గతేటి?"

వెంటనే బేస్‌లోని ఇన్‌స్ట్రక్టర్ సార్‌కు ఫోన్ చేసి ఉన్నదంతా చెప్పాను. తిడతారనుకున్నాను. "ముందు డాక్టర్‌కు చూపించు. వచ్చాక, గాగుల్స్‌కు సరితూగడానికి హెల్మెట్ వెనక పెట్టే బరువును నీకు సరిపోయేలా మార్చి చూద్దాం" అన్నారు. రాత్రి డ్యూటీ మాట ఆయన ఎత్తలేదు, నేనూ అడగలేదు. అయినా మనసు తేలికపడింది.

రేపు ఆసుపత్రికి వెళ్తాను. అమ్మ వద్దంటుంది గానీ, తన పేరుతో కూడా ఓపీ చీటీ రాయిస్తాను.