దయచేసి రెప్ప వెయ్యండి

ఫిల్మ్ నగర్,
జూన్ 3

సినీ కార్మికుల ఆరోగ్య సహాయ సంఘం అధికారి గారికి,

జూనియర్ ఆర్టిస్టు త్రినాథరావు నమస్కరించి రాయునది.

మన ఆరోగ్య కార్డును ఏటా ఆఫీసుకొచ్చి సంతకం పెట్టి పొడిగించుకునేవాళ్లం. ఈ ఏడు యాప్ పెట్టారు. ఫోనుకి మొహం చూపిస్తే మనిషి బతికున్నాడో లేదో అదే తేలుస్తుందట. పదకొండుసార్లు చూపించాను. పదకొండుసార్లూ "సజీవ వ్యక్తి కనబడలేదు" అంది.

ఇరవయ్యో తారీకున మా ఆవిడ రాజ్యలక్ష్మికి మోకాలి ఆపరేషన్. కార్డు లేకపోతే ఆ తేదీ ఇంకొకరికి ఇచ్చేస్తారట. ఆవిడ మెట్లు దిగి ఎనిమిది నెలలైంది.

మీ ఆఫీసుకీ వచ్చాను. గేటు దగ్గర వాచ్‌మన్ వెంకటనర్సయ్య, "యాప్‌ల పాస్ వస్తెనే లోపలికి పంపాలె పెద్దాయనా. ఫికర్ చెయ్యకు, గా డబ్బాల ఉత్తరం ఎయ్యి" అన్నాడు. పాస్ రావాలంటే యాప్ నా మొహం ఒప్పుకోవాలట. అందుకని ఈ ఉత్తరం.

విధేయుడు,
త్రినాథరావు

తా.క.: మా ఆవిడ మొహాన్ని మాత్రం మొదటిసారికే ఒప్పుకుంది. సభ్యురాలు కాదు గనక పనికిరాదంది. అప్పట్నుంచి ఇంట్లో నా మాట సాగడం లేదు.

---

మధురానగర్,
జూన్ 6

ప్రియమైన సభ్యునికి,

మీ ఫిర్యాదు అందింది. వెలుతురు ఉన్నచోట నిలబడండి. కెమెరా వైపు సూటిగా చూడండి. దయచేసి రెప్ప వెయ్యండి. చిరునవ్వు నవ్వండి.

మీ సేవలో,
సహాయ విభాగం

తా.క.: ఈ జవాబు ఎలా ఉందో యాప్‌లోకి వెళ్లి నక్షత్రాలిచ్చి తెలపండి.

---

ఫిల్మ్ నగర్,
జూన్ 8

అధికారి గారికి నమస్కారాలు.

వెలుతురు సంగతి నాకు చెప్పక్కర్లేదండీ. పక్కింటి లైట్‌మన్ కమలాకర్ రెండు పెద్ద లైట్లు తెచ్చి పెట్టాడు. వీధిలో వాళ్లు షూటింగ్ అనుకుని గుమిగూడారు కూడా.

చిక్కంతా రెప్పతోనే. నలభై ఏళ్లుగా నా వేషం ఒక్కటే, శవం. హీరో తండ్రి శవం, విలన్ బావమరిది శవం, వరదలో కొట్టుకొచ్చిన శవం. కెమెరా నా మీదికి తిరిగిందంటే ఊపిరి దానంతటదే ఆగిపోతుంది, రెప్ప బిగుసుకుపోతుంది. ఈగ వాలినా కదలను. కమలాకర్‌కి ఉపాయం తట్టి "కట్!" అని అరిచాడు. వెంటనే రెప్ప వేశాను, నవ్వాను, లేచి టీ కూడా అడిగాను. ఈలోగా మీ యాప్ గడువు అయిపోయిందని మూసుకుంది.

ఇంకేదైనా దారి చూపించండి. ఆపరేషన్ పన్నెండు రోజుల్లో ఉంది.

ఇట్లు మీ సభ్యుడు,
త్రినాథరావు

తా.క.: నక్షత్రాలు ఇద్దామని వెళ్లాను. ముందు మొహం చూపించమంది.

---

మధురానగర్,
జూన్ 11

శ్రీమతి రాజ్యలక్ష్మి గారికి,

మీ భర్త త్రినాథరావు గారి మరణానికి చింతిస్తున్నాం. ఆయన పేరుతో వచ్చిన ఉత్తరంలో "శవం" అన్న మాట పలుమార్లు ఉన్నందున దాన్ని అంత్యక్రియల సాయం విభాగానికి పంపాం. సాయం మంజూరైంది. ఎలాంటి రుజువులూ అక్కర్లేదు. నిబంధనల ప్రకారం ఆరోగ్య కార్డు రద్దు చేశాం.

సానుభూతితో,
సహాయ విభాగం

తా.క.: స్వర్గీయులు ఇంతవరకూ నక్షత్రాలు ఇవ్వలేదు.

---

ఫిల్మ్ నగర్,
జూన్ 13

అధికారి గారికి,

చచ్చానంటే మూడు రోజుల్లో నమ్మారు. బతికున్నానంటే పది రోజులుగా నమ్మడం లేదు.

మీ ఉత్తరం చూసి రాజ్యలక్ష్మి మొదట పడీపడీ నవ్వింది. కార్డు రద్దన్న చోటికొచ్చాక నవ్వు ఆపేసింది. "పోనీలెండి, ఇన్నాళ్లూ ఓర్చుకున్నదాన్నే కదా" అని గోడ వైపు తిరిగి పడుకుంది. ఆ మాట నేను భరించలేకపోతున్నాను.

అలిసిపోయానండీ. మీ సాయం నాకొద్దు. ఒక్క మనిషి కావాలి. సోమవారం పొద్దున పదింటికి మీ గేటు ముందు నిలబడతాను. ఎవరైనా వచ్చి నన్ను ఒకసారి కళ్లారా చూడండి.

ఇంకా బతికే ఉన్న,
త్రినాథరావు

తా.క.: దగ్గుతూ ఉంటాను. అదే గుర్తు.

---

మధురానగర్,
జూన్ 16

త్రినాథరావు గారికి అరుణజ్యోతి నమస్కారాలు.

నిన్న గేటు దగ్గర మాట్లాడింది నేనే. మొన్నటిదాకా మీ ఉత్తరాలు ఇక్కడ ఎవరూ చదవలేదు. డబ్బాలో వేసిన ఉత్తరాల్ని స్కాన్ చేసుకుని జవాబులన్నీ యంత్రమే పంపింది. ఆ డబ్బాలోని ఉత్తరాలు వెంకటనర్సయ్యే నా బల్ల మీద కుప్పగా పోసి, "జర మీరే చదువుండ్రి మేడం, పెద్దాయన పరేషాన్‌ల ఉన్నడు" అన్నాడు. సిగ్గేసింది.

కార్డు ఇందులో పెట్టాను. "మనిషిని స్వయంగా చూశాను" అని రాసి సంతకం పెట్టాను. ఆస్పత్రితో మాట్లాడాను. ఇరవయ్యో తారీకు మారదు. వచ్చే వారం నుంచి గేటు లోపల ఒక బల్ల, రెండు కుర్చీలు వేస్తున్నాం. యాప్‌తో కానివాళ్లు వచ్చి కనబడితే చాలు.

ఇంకో సంగతి. నిన్న నేను మాటల్లో పెడితే, నా ఎదుటే మీరు ఫోనులోకి చూస్తూ రెప్ప వేశారు, నవ్వారు, దగ్గారు. అయినా యాప్ ఒప్పుకోలేదు. అంటే తప్పు మీ రెప్పది కాదు. యాప్ తయారుచేసిన సృజన్‌ని పిలిపించి అడిగాను. ప్రాణం లేని మొహం ఎలా ఉంటుందో యాప్‌కి నేర్పడానికి, ఒక స్టూడియో ఇచ్చిన పాత సినిమాల్లో శవాల సీన్లు వాడారట. నలభై మూడు సీన్లు. వాటిలో ముప్ఫై ఒకటి మీవే.

"మేడమ్, మా యాప్ దృష్టిలో చచ్చిన మనిషంటే ఈయనే" అన్నాడు సృజన్ తలవంచుకుని. వారంలో సరిచేయిస్తాను.

క్షమాపణలతో,
అరుణజ్యోతి

---

ఫిల్మ్ నగర్,
జూన్ 18

చిరంజీవి అరుణజ్యోతికి ఆశీస్సులు.

కార్డు అందిందమ్మా. రాజ్యలక్ష్మి దాన్ని దిండు కింద పెట్టుకుని రాత్రంతా హాయిగా నిద్రపోయింది. నీకు పుణ్యముంటుంది.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నలభై ఏళ్లలో నా పేరు ఒక్క సినిమాలోనూ తెర మీద పడలేదు. బాగా చేశావని ఏ డైరెక్టరూ అనలేదు. "ఆ, ఇక లే" అనేవాళ్లు, అంతే. మా ఆవిడ కూడా, పడుకుంటే వచ్చే అన్నమే కదా అని వేళాకోళం చేసేది. నిన్న, ముప్ఫై ఒక్క సీన్లు నావేనన్న ఆ పేరా చదివి వినిపించాను. "మళ్లీ చదవండి" అంది.

అందుకని ఒక విన్నపం. మిగతా వాళ్లందరి కోసం ఆ యాప్‌ని తప్పకుండా సరిచేయించు. నా ఒక్కడి మొహం విషయంలో మాత్రం అలాగే ఉండనివ్వు. ఏటేటా నేనే వచ్చి నీకు కనబడి పోతాను.

శుభం కోరే,
త్రినాథరావు

తా.క.: సృజన్ అన్న ఆ ఒక్క ముక్కా సంఘం కాగితం మీద రాయించి, స్టాంపు వేయించి పంపగలవా? ఫ్రేము కట్టించుకుంటాను.