కార్బన్ సైకిల్‌కి పోలిరాజు మావయ్య వైద్యం

గోపాలపట్నం,
2003 నవంబరు 3

ప్రియమైన సింహాద్రి బావకి,

కోటి రాసేది. ఈ ఉత్తరం గంగాలమ్మ పిన్ని చేపల గంపలో ఉక్కునగరం వస్తోంది. వాసనకి నన్ను తిట్టకు.

అబ్బులు సైకిల్ షాపులో ఇంకా ఉన్నాను. నవ్వకు. పోర్టులో ఓడెక్కి వెళ్ళిపోతూ ఒక విదేశీ ఇంజనీరు తన సైకిల్ నాకిచ్చేసేడు. ఫ్రేము కార్బన్‌దట, ఒక్క వేలికి లేస్తుంది. కానీ పెడల్ దగ్గర వెంట్రుకంత గీత ఉంది. గీరో, పగులో తెలీదు. "ఇనపదైతే వంగుద్ది, సెప్పి మరీ ఇరుగుద్ది. ఇది సెప్పదురా, టప్పుమంటాది. నీ పళ్ళు నువ్వే ఏరుకోవాల" అంటాడు అబ్బులు.

పదహారో తారీకున బీచి రోడ్డు నుంచి భీమిలి వెళ్ళి వచ్చే పందెం ఉంది. పేరిచ్చేసేను. ఎందుకో నీకు తెలుసు. మీ చెల్లి రాధని నాకిమ్మని అడిగితే మీ నాన్న, పోలిరాజు మావయ్య, ఏమన్నాడు? "బడి సగం, లేతు మిషను సగం. వలేసినా ఒడ్డుకి లాక్కుండానే టీకెళ్ళిపోతావ్. ఏదైనా ఒక్కటి ఆకరిదాకా సేసి సూపించు, అప్పుడు మాటాడదాం."

మధ్యలో సైకిల్ విరిగితే నా పెళ్ళీ విరిగినట్టే బావా. స్టీలు ప్లాంటులో మీరు పగుళ్ళెలా పట్టుకుంటారో చెప్పు.

మీ ఇంటి అల్లుడవ్వాలని అల్లాడుతున్న
కోటి

ఉక్కునగరం,
నవంబరు 5

ప్రియమైన కోటి బావకి,

చేపలు తినేసేం, నీ ఉత్తరం ఇంకా కంపు కొడుతోంది.

మేం ఇనుముకి అయస్కాంతం పెట్టి పొడి చల్లుతాం. పగులుంటే పొడి అక్కడ చేరుతుంది. నా అయస్కాంతం పంపుతున్నాను. అంటుకోకపోతే నాకింకేం తెలీదు, మా నాన్న దగ్గరికి పో. ఫైబరు తెప్పలు బాగుచేసే మనిషికి ఇదో పిల్ల తెప్ప. పందెం మాట ఎత్తకు, నీకోసమని తెలిస్తే ముట్టుకోడు. ఎవరో కస్టమరుదని చెప్పు.

నువ్వు పళ్ళతో ఉండాలని కోరే
సింహాద్రి

గోపాలపట్నం,
నవంబరు 13

ప్రియమైన బావకి,

నీ అయస్కాంతం ఫ్రేము మీంచి జారి నా కాలి మీద పడింది. సైకిల్ పెదజాలారిపేట పట్టుకెళ్తే అది అంటుకున్నది మీ నాన్న సుత్తికే.

"ఎవుడిదిరా?" అన్నాడు.

"కస్టమరుది మావయ్యా."

రూపాయి బిళ్ళ తీసి, తెప్పని కొట్టి చూసినట్టే ఫ్రేము పొడుగునా టకటకలాడించేడు. నాకన్నీ ఒకేలా వినిపించేయి. గీత దగ్గర చెవి పెట్టి కళ్ళు మూసుకున్నాడు. నిద్రపోయేడనుకున్నాను. "కట్టు కట్టాల. రోజూ సాయంత్రం రా" అన్నాడు.

ఇక చూడు! గరుకు కాయితంతో గీకుడు. మర్నాడూ గీకుడే. తర్వాత జిగురు, ఫైబరు గుడ్డ. అది ఆరేక, "పట్టలేదు, పీకీ" అంటాడు. మళ్ళీ మొదలు. ఒళ్ళంతా దురద. రాధ కిటికీలోంచి, "ఏటి బావా, కోతిలా గోక్కుంటన్నావ్?" అని నవ్వింది. సైకిల్ అక్కడే ఒగ్గేసి పోదామనుకున్నాను. రాధ కోసం ఆగేను. కానీ నిజం చెప్తాను, నిన్న మాత్రం ఆ పూత ఎలా ఆరిందో చూద్దామనే వెళ్ళేను.

కట్టు గట్టిగానే ఉంది, తెప్ప అడుగంత లావుంది. లోపల పగులు ఆగుతుందో లేదో ఆదివారమే తెలుస్తుంది. భయమేస్తోంది.

ఇప్పటికి పళ్ళన్నీ ఉన్న
కోటి

పెదజాలారిపేట,
నవంబరు 17

ప్రియమైన కోటి బావకి,

సైకిల్ షాపులో ఉంటూ చైను చూసుకోలేదా నువ్వు! ఫ్రేము బాగానే ఉంటే, భీమిలి నుంచి తిరిగొస్తుంటే చైను తెగిందట. సైకిల్ భుజానేసుకుని సాగర్‌నగర్ నుంచి పరిగెత్తుకొచ్చి, షామియానా విప్పేస్తుంటే గీత దాటేవట. నువ్వే ఆఖరని చెప్పడానికి కూడా అక్కడెవరూ మిగల్లేదని రాధ పడీ పడీ నవ్వింది.

ఇవాళ సెలవు, ఇంటికొచ్చేను. "పగులు అంత పెద్దదా నాన్నా?" అని అడిగేను.

"పగులేటి? పైన రంగు సిట్లింది. బిళ్ళతో కొట్టినప్పుడే తెలిసిపోయింది. లోపల నార గట్టిగుంది."

"మరెందుకు గీకించేవు?"

"మూడో రోజుకి పారిపోతాడనుకున్నాను. పారిపోలేదు."

"పందెం కూడా ఆఖరిదాకా చేసేడు కదా" అన్నాను.

"పందెం ఎవుడిక్కావాల్రా? నలుగురూ సూత్తంటే ఎవుడైనా పరిగెడతాడు. ఎవుడూ సూడని కట్టు పీకమంటే పీకి, మళ్ళీ కట్టేడు. ఆడికిత్తాను పిల్లని."

మళ్ళీ, "ఆ కట్టు బరువుకే ఎనకబడిపోయుంటాడు పాపం. ఆడికి సెప్పీకు, సుత్తట్టుకొచ్చేత్తాడు" అన్నాడు.

చెప్పకుండా ఉండలేకపోయేను. సుత్తి తెచ్చుకుంటే తెచ్చుకో. మా అమ్మ మాత్రం తాంబూలాలు తెమ్మంది, మీ అమ్మని కూడా తీసుకుని.

ఇకనుంచి నీకు రెండు విధాలా బావ,
సింహాద్రి