మంజులత కంట్లో పొర

పెనుకొండ

చిరంజీవి మంజులతకు వసుంధరవ్వ దీవెనలు.

బెంగళూరు నుంచి ఈడికి రైలుండాది, బస్సుండాది. లేనిది నువ్వే. ఫోన్ చేస్తే 'ల్యాబులో ఉండానవ్వా' అని పెట్టేస్తావు. అంత పనేముంది?

అవ్వ

తా.క. ఒక ఫోటో పంపు. వస్తే గుర్తుపట్టాల గదా.

బెంగళూరు

అవ్వకు నమస్కారాలు.

ఈ పొరతోనే నా అవస్థ. వెలుగు పడితే చాలు, పైపైన కరెంటు పారతాది, లోపల ఏమీ లేదు. వెలుగును కుడికి మెలితిప్పి వేస్తే ఒక పక్కకు, ఎడమకు మెలితిప్పితే ఇంకో పక్కకు కరెంటు పోవాల. ఎట్లా తిప్పినా ఒక పక్కకే పోతాంది. ఇది దారికొచ్చేదాకా కదల్లేను.

మంజు

పెనుకొండ

అమ్మా మంజూ, ఆయుష్షు నిండా బతుకు.

ఈ వయసుకే కంట్లో పొరా? లోపల చూపే లేదా? ధర్మవరంలో మీ సుధారాణి అత్తకు చెప్పినా. మగ్గం ఆపి ఏడుస్తాంది. హిందూపురంలో కంటి డాక్టరును అడిగిపెట్టినా.

అవ్వ

తా.క. ఎట్లా తిప్పినా ఒక పక్కకే పోతాందంటే మెల్లకన్ను కూడా వచ్చినట్లుండాది. సంబంధాలవాళ్లకు చెప్పలేదులే.

బెంగళూరు

అవ్వా, నమస్కారం.

పొర కంట్లో కాదు, గాజు మీద ఉండేది. నా పరిశోధన దాని మీదే. అత్త ఫోన్ చేసి, 'నేను కనపడతాండానా' అని అడిగింది.

మంజు

పెనుకొండ

మంజూ, చల్లగా ఉండు.

గాజు కన్ను పెట్టించుకునేదాకా దాచినావా? ఆదివారం నువ్వు రాకుంటే నేనూ, మీ అత్తా, ఆమె వీధి ఆడోళ్లూ టెంపో మాట్లాడుకొని మీ ల్యాబుకే వస్తాం. మీ సారుకు చిత్రాన్నం తెస్తాం.

అవ్వ

తా.క. రాత్రిపూట ఆ కన్ను తీసి నీళ్లలో వేస్తావా? గిన్నె తేవాలా?

బెంగళూరు

అవ్వకు,

ఆదివారం వస్తాండా. టెంపో వద్దు.

మంజు

పెనుకొండ

మంజూ, క్షేమంగా చేరింటావు.

నువ్వు పోయినాక ఇంట్లో గడియారం చప్పుడు మళ్లీ వినపడతాంది. నీ రెండు కళ్లూ సొంతవేనని మీ అత్తకు చెప్పినా, ఆమె నమ్మలేదు.

నీకు ఓమ్ నియమం నేర్పించింది నేనే. రిటైరయ్యేదాకా ఈ ఊరి పిల్లోళ్లకు ఫిజిక్సు చెప్పినదాన్ని. నాకు ఏ పొరో తెలీదనుకున్నావు చూడు, నువ్వేం సైంటిస్టువే? నువ్వు వెలుగును మెలితిప్పి కరెంటును తిప్పుకోవాలని చూస్తాండావు. నా దగ్గర మాటలే ఉండాయి. వాటిని మెలితిప్పి నిన్ను ఇటు తిప్పుకున్నా.

అవ్వ

తా.క. పొర ఉండేది నా కళ్లలో. ముందే చెప్పింటే రోగిని చూడ్డానికి వచ్చేదానివి. గుమ్మంలో నిలబడితే నీ మొకం మసగ్గా ఉండె, గొంతును బట్టి పోల్చుకున్నా. ఆపరేషన్ అయినాక ఇంకొకసారి రా. ఈసారి చూసుకుంటా.