నిత్యకు ఒంటిపూట బడి

జూన్ 16, సోమవారం
మూడేళ్లు నిండాయో లేదో, నిత్యను నర్సరీలో వేశాం. వ్యాను ఎక్కేటప్పుడు ఏడవలేదు. నేనే... నిజామాబాద్ బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చున్నా. నేను పనిచేసే కంటి ఆసుపత్రి కౌంటర్లో ఒకరి చీటీ మీద ఇంకొకరి పేరు రాశాను.

జూన్ 17, మంగళవారం
రాత్రి నేను బోధన్‌లో ఇల్లు చేరేసరికి నిత్య గుమ్మంలో చెప్పుల పక్కనే నిద్రపోయి ఉంది. అత్తమ్మ లేపనివ్వలేదు.

జూన్ 20, శుక్రవారం
నర్సరీ మేడమ్ ఫోన్. పాప క్లాసులో ఒక్క మాటా మాట్లాడటం లేదట. మాటలు రావేమో అనుకున్నారట. ఇంట్లో నోరు మూతపడని పిల్ల!
"మీరు మధ్యల మాన్పియ్యకుండ్రి. అలవాటైతది."
దేనికి అలవాటవుతుంది — అని అడగాల్సింది.

జూన్ 22, ఆదివారం
అత్తమ్మ బీడీలు చుడుతూ ఏదో చెప్పబోయింది. నిత్య వెళ్లి ఆమె పెదవుల మీద వేలు పెట్టింది. "ష్... మాట్లాడొద్దు నాయినమ్మా. మేడమ్ కొడ్తది."
అత్తమ్మ చేతిలో ఆకు అట్లాగే ఆగిపోయింది. "నిన్ను కొట్టిందా బిడ్డా?" అంటే చెప్పదు. బొమ్మల్ని గోడవారన కూర్చోబెడుతోంది. అన్నీ నోరు మూసుకుని ఉండాలట.

జూన్ 23, సోమవారం
పర్మిషన్ పెట్టి బడికి వెళ్లాను. కొట్టలేదంటుంది మేడమ్. అబద్ధం చెబుతున్నట్టు లేదు. గది నిండా పిల్లలు, ఆమె ఒక్కతే, ఆయా ఒక్కతే. అందరి వేళ్లూ పెదవుల మీదే. నిత్య నన్ను చూసి కూడా వేలు తీయలేదు.
ఇంట్లో చర్చ, నర్సరీ మాన్పించాలా వద్దా అని. ఈయన, "ఇప్పుడు మాన్పిస్తే ఎల్‌కేజీల ఎనకబడ్తది. మా అన్న బిడ్డ ఇంగ్లిష్ల పాటలు పాడ్తలేదా?"
అత్తమ్మ, "నువ్వు ఆరేండ్లకు బడికి పోయినవ్. నీకు మాటలు రాలేదా?"
"అప్పటి ముచ్చట వేరే అవ్వా."
"గట్లయితే అంగన్‌వాడీల ఎయ్యుండ్రి. గీ గల్లీలనే ఉన్నది."
ఇద్దరూ నా వైపే చూశారు. పిల్లతో ఇంట్లో ఉండమని ఎవరూ అనలేదు. అనకముందే నాకు భయం. ఉద్యోగం వదలాలని లేదు. రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ లేదు.

జూన్ 26, గురువారం
తేలింది. సోమవారం నుంచి ఒంటిపూటే. మధ్యాహ్నం అత్తమ్మ తీసుకొస్తుంది. మొదటి రోజు మటుకు నేను సెలవు పెట్టి వెళ్తా. ఈయన, "దసరా దాక సూద్దాం" అని టీవీ వైపు తిరిగాడు.
మనసు తేలికపడాలి కదా. పడటం లేదు.

జూన్ 30, సోమవారం
వెళ్లేసరికి పిల్లలు అన్నం డబ్బాలు తెరుస్తున్నారు. నిత్య పక్కన రెండు పిలకల పాప ఒకతి, మరాఠీ మాట్లాడే పిల్ల. ఆ పాప రొట్టె తుంచి ఇస్తోంది. నిత్య ఆ పాప చెవిలో ఏదో చెబుతోంది. గుసగుసగా... కానీ మాట్లాడుతోంది! తలుపు దగ్గరే నిలబడిపోయా.
"ఇయ్యాల్నే నోరిప్పింది అక్కా. ఆ పిల్లతోనే" అంది ఆయా.
నిత్య నన్ను చూసింది. "నువ్వెందుకొచ్చినవ్? నేను ఈడనే తింట."
అయినా ఎత్తుకుని తెచ్చేశాను. ఒంటిపూట అనుకున్నాక అనుకున్నట్టే చేయాలని... ఎందుకో. ఆటోలో దారంతా తన్నింది. ఇంట్లో అన్నం ముట్టలేదు.

జూలై 1, మంగళవారం
బస్సులో రాస్తున్నా, అక్షరాలు వంకర్లు పోతున్నాయి.
పొద్దున బూట్లు విసిరేసి నా కొంగు పట్టుకుంది. "బడికి పోను."
"మరి నీ దోస్తు?"
"ఆమెను మనింటికి తీస్కరా."
వ్యాను హారన్. ఎక్కించాను. ఈసారి ఏడ్చింది, బోరున.
అత్తమ్మ గడపలోనే నిలబడి అడిగింది, "మరి పగటీలి అన్నం యాల్లకు బిడ్డను తీస్కరానీకి నేను పోవాల్నా, వద్దా?"
ఫోన్ చేసి చెప్తా అన్నాను.
నిజామాబాద్ వచ్చేస్తోంది. ఫోన్ ఒళ్లోనే ఉంది, ఇంకా చేయలేదు.