నా మెడ నిలబడింది

చిరంజీవి తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. ఇక్కడ అమ్మా నేనూ క్షేమం. ఇన్నాళ్లూ ఈ మాట అలవాటు కొద్దీ రాసి, గబుక్కున వేరే సంగతిలోకి జారుకునేదాన్ని. ఈసారి మాత్రం ఆగి, మళ్లీ చదువుకో. క్షేమం! నీ ఓడ ఏ రేవులో ఉండగా ఈ ఉత్తరం అందుతుందో గానీ, సంతోషంతో గంతులేసి సముద్రంలో పడకు.

నా తలకి బిగించిన ఇనుప చట్రం తీసేశారు!

ఉండు, వరసగా చెప్పనీ. నువ్వడిగిన వాటికి ముందు జవాబులు రాయకపోతే మళ్లీ అలుగుతావు.

"ఎముక కరిగిపోవడమేమిటక్కా, అదేమన్నా ఉప్పుగల్లా?" అని రాశావు. నేనూ మా డాక్టరమ్మని అదే అడిగాను. ఎముకల్లో ఉండకూడని సన్నటి నాళాలు పుట్టి పిచ్చిమొక్కల్లా అల్లుకుపోతాయట. అవి అల్లుకున్న చోటల్లా ఎముక మాయమవుతుందట. ఎందుకు పుడతాయో ఎవరికీ తెలియదట. నాకు మెడ పూసలు రెండు, చెవి వెనక పుర్రెలో కొంత అలాగే పోయాయి. నువ్వు ఓడెక్కే ముందు నా ముక్కు కారుతుంటే జలుబని వెక్కిరించావు చూడు, అది జలుబు కాదు. మెదడు చుట్టూ ఉండే నీరు.

నువ్వు భయపడ్డట్టు చట్రం మేకులు మెదడులోకి దిగవురా. పుర్రె పైపొర దాకానే. ఎముక గట్టిగా ఉన్న చోటు ఏరి ఏరి బిగించారు. నొప్పికన్నా ఆ కిర్రుమనే చప్పుడుకే ఎక్కువ భయపడ్డాను. అక్కణ్నుంచి కడ్డీలు కిందికి దిగి, ఛాతీకి తొడిగిన కవచం మీద ఆనుకునేవి. మెడ మోయలేని తలని అవే మోశాయి. నిచ్చెనలెక్కి దుకాణాల బోర్డులు రాసేదాన్ని, పక్కనున్న కిటికీలోంచి చూడాలన్నా ఒళ్లంతా తిప్పాల్సి వచ్చేది. "నిన్ను తిప్పడం కన్నా బీరువాని జరపడం నయమే" అనేది అమ్మ.

ఆపరేషన్లు చేసే పెద్దాయన, కరిగే ఎముకలో స్క్రూ నిలవదని చేతులెత్తేశాడు. ఆయన వెళ్లిపోయాక డాక్టరమ్మ కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చుంది.

"కిడ్నీ మార్చినవాళ్లకి ఇచ్చే మాత్ర ఒకటుంది. ఈ నాళాల పెరుగుదలని అది ఆపుతుందని కొందరిలో చూశారు. నీకు పనిచేస్తుందని మాత్రం మాటివ్వలేను" అంది.

"పని చెయ్యకపోతే?" అంది అమ్మ.

"ఆ పూసలు ఇంకా కరిగితే ఊపిరికే కష్టమమ్మా."

అమ్మ నా చెయ్యి పట్టుకుంది. "ఇంకా ఆలోచిస్తారేంటి, ఇచ్చెయ్యండి" అన్నాను నేను.

ఆ మాత్రకి నోరంతా పుళ్లు పడ్డాయి. ఒళ్లు కాస్త వెచ్చబడితే చాలు, ఆసుపత్రికి పరుగు. ఎముకలకి బలమని సెలైన్‌లో ఇంకో మందు ఎక్కించేవారు. ఇంత చేశాక తీసిన స్కాన్‌లో మార్పేమీ లేదన్నారు. అమ్మ గోడకి ఆనుకుని కూలబడింది. డాక్టరమ్మేమో మొహం వెలిగిపోతూ, "మార్పు లేదంటే కరగడం ఆగిందనే కదమ్మా!" అంది.

ఆ తర్వాత ముక్కు కారడం ఆగింది. పోయిన వారం మళ్లీ స్కాన్ తీశారు. తెర మీద పూస అంచు వెంబడి, సుద్దముక్కతో గీసినట్టు తెల్లటి గీత!

"ఇది ఇంతకుముందు లేదు. కొత్త ఎముక" అంది డాక్టరమ్మ. అమ్మ ఏడ్చిన ఏడుపుకి, జరగరానిదేదో జరిగిందని పక్క గదిలోంచి నర్సు పరిగెత్తుకొచ్చింది.

మొన్న డాక్టరమ్మ నా తలని రెండు చేతులా పట్టుకుని ఉండగా మేకులు విప్పారు. తల ఇంత బరువుంటుందని నాకిప్పుడే తెలిసింది. "చేతులు తీసేస్తున్నా" అంది డాక్టరమ్మ. తీసేసింది. మెడ నిలబడింది!

పోయిన ఎముకంతా తిరిగి రాదట. మాత్రలు ఎన్నాళ్లు మింగాలో ఆవిడకీ తెలియదు. మెడకి మెత్తటి పట్టీ ఉంది. నిచ్చెన మాట మర్చిపోమన్నారు. పోనీలే, బోర్డుల్ని బల్ల మీద పెట్టి రాస్తాను.

ఇక నీ దగ్గర ఇంతకాలం దాచిన సంగతి. వంతెన పక్కన గడియారాలు బాగుచేసే ఆయన ఉన్నాడు. ఆయన బోర్డు సగం రాసి నేను మంచాన పడ్డాను. ఇంకెవరితోనూ రాయించుకోకుండా, ఆ సగం బోర్డుతోనే దుకాణం నడుపుతూ, వీలైనప్పుడల్లా నన్ను చూడ్డానికి వచ్చేవాడు. అమ్మ పాపం, బోర్డు కోసం తిరుగుతున్నాడనుకుంది. ఒకరోజు అమ్మ మందులకి వెళ్లినప్పుడు, చెవులదాకా ఎర్రబడి, "మనం పెళ్లి చేసుకుందామా?" అన్నాడు.

"తల కూడా ఊపలేని మనిషిని పట్టుకుని అడుగుతున్నారే!"

"అందుకే ఇప్పుడడిగా. అడ్డంగా కూడా ఊపలేరుగా."

నవ్వితే మేకులు లాగి కళ్లల్లో నీళ్లొచ్చాయి. "ఈ చట్రంలో ఉండగా ఎవరికీ మాటివ్వను. మెడ నిలబడితే అప్పుడు చూద్దాం" అన్నాను. ఆయన మళ్లీ ఆ ఊసెత్తలేదు. రావడం మాత్రం మానలేదు.

నిన్న సాయంత్రం వచ్చాడు. చట్రం లేని నన్ను చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. నేనే గడ్డం మెల్లగా కిందికి దించి, మెల్లగా పైకెత్తాను. పట్టీ ఒప్పుకున్నంత మేర.

వంటింట్లోంచి అమ్మ చూడనే చూసింది. "తల ఎందుకు ఊపావే? డాక్టరమ్మ వద్దంది కదా!"

"ఒక్కసారేనమ్మా. మళ్లీ ఊపే పని లేదులే" అన్నాను.

ఇట్లు,
నీ రాక కోసం మెడ సాచి చూస్తున్న
నీ అక్క