చింపని ఉత్తరం

బరంపురం, 12-8-1927

చిరంజీవి సన్యాసిరావును దీవించి, నీకు ఇంగ్లీషు చెప్పిన మాస్టారు రాస్తున్నది.

అమ్మకు చదివి చెప్పమని రంగూను నుంచి నువ్వు పంపిన ఇంగ్లీషు ఉత్తరం అందింది. "ఐ రిగ్రెట్ టు ఇన్‌ఫార్మ్ యూ" అని మొదలుపెట్టావు. చెడ్డ కబురుకు ముందు దొరలు వాడే మాట అది అని తరగతిలో మీచేత రాయించినవాణ్ణి నేనే. చావును పైకి అనలేక "పాస్డ్ అవే" అంటారని చెప్పిందీ నేనే. ఇరవై ఏళ్లుగా చెబుతున్న ఆ అర్థాలు మీ అమ్మ ఎదుట నోట రాలేదు. నీ తమ్ముడు గవరయ్య ఇక లేడని చెప్పలేక, ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నాను.

చావు కబురైతే చదివిన వెంటనే ఉత్తరం చింపేస్తాం కదా. మీ అమ్మ అంతసేపూ నా చేతులే చూస్తూ నిలబడింది.

"సింపనేదు గదా బాబూ, అయితే నా బిడ్డలిద్దరూ బాగున్నట్టే" అని నవ్వుతూ వెళ్లిపోయింది.

నాయనా, ఈసారి ఆమెకే తెలుగులో రాయి. నేను నేర్పిన మాట ఒక్కటీ వద్దు. దాన్ని ఆమెకు చదివి వినిపించి, ఆమె చూస్తుండగానే చింపుతాను.